మొరాయించే ట్రాక్టరు – మన చదువులు

ఓమ్ నియమం రాయమంటే మన కాలేజీలో రాయలేని సైన్సు విద్యార్థి ఉండడు. అదే విద్యార్థి సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంటి ముందు ట్రాక్టరు స్టార్టు కాకపోతే మాత్రం "మెకానిక్కుకు కబురు పెట్టండి" అని చెప్పి అరుగు మీద కూర్చుంటాడు. మన చదువుకూ మన ఊరికీ మధ్య ఎంత దూరముందో కొలవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు దొరకలేదు.

ట్రాక్టరు మొరాయించడం కూడా ఒక సమస్యేనా అని పట్నంలో పుట్టిన మిత్రులు అడగవచ్చు. పీలేరు, పుంగనూరు, మదనపల్లె వైపు మెట్ట చేలను నమ్ముకున్నవాళ్ళను అడిగితే వాళ్ళే చెబుతారు. జూన్, జూలై నెలల్లో ఒక మంచి వాన పడుతుంది. ఆ పదును ఆరకముందే దున్ని శెనక్కాయ విత్తుకోవాలి. ఎర్రనేలలో పదును ఎన్నాళ్ళో ఉండదు. మళ్ళీ వాన ఎప్పుడో దేవుడికే ఎరుక. మడక కట్టడానికి ఎద్దులున్న ఇళ్ళు ఈనాడు ఊరికి ఎన్ని? అట్లాంటి తెల్లారి ట్రాక్టరు 'టక్' మని ఊరుకుంటే పోయేది ఒక పూట పని కాదు, ఒక పంట.

మన పల్లెల్లో ఇంకా పాత బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. 1960లో మద్రాసులో మొదలైన టాఫే వారి మాసీ ఫెర్గూసన్లు, దుర్గాపూర్ పరిశోధనశాలలో మనవాళ్ళే రూపకల్పన చేయగా 1974లో బయటికొచ్చిన స్వరాజ్, 1971లో పింజోరులో తయారీ మొదలైన హెచ్.ఎం.టి. ఇవి ఒక తరానికి అన్నం పెట్టిన యంత్రాలు. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. కంపెనీ పోయినా బండి పోలేదు. దాన్ని బతికించుకునే భారం రైతు నెత్తిన పడింది.

ఇక అసలు విషయానికొస్తాను. మా చిన్నాయన ఒకే ఏడాదిలో రెండు కొత్త బ్యాటరీలు కొన్నాడు. "బ్యాటరీ పోయింది" అని అంగడివాళ్ళు చెప్పారు, ఆయన నమ్మాడు. హారన్ మోగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, సెల్ఫు మాత్రం తిరగదు. చివరికి తేలిందేమిటంటే, ఎర్తు వైరు ఛాసిస్‌కు బిగించిన చోట తుప్పు! లెక్క వేసి చూడండి. లైటుకు కావలసింది కొద్ది ఆంపియర్లే. సెల్ఫుకు వందల ఆంపియర్లు కావాలి. తుప్పు పట్టిన ఆ కొసలో 0.02 ఓమ్‌ల నిరోధం ఉందనుకోండి. 200 ఆంపియర్లు పారితే అక్కడే 4 వోల్టులు ఆవిరైపోతాయి. పన్నెండింటిలో మూడో వంతు! గరుకు కాగితంతో రుద్ది బోల్టు బిగిస్తే తీరే రోగానికి రెండు బ్యాటరీల ఖర్చు. ఇది మనం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న ఓమ్ నియమం కాక మరేమిటి?

సెల్ఫు బాగా తిరుగుతున్నా ఇంజను అంటుకోకపోవడం ఇంకో రకం. చంద్రగిరి దగ్గర ఒక ముసలి మేస్త్రీ నాకు చెప్పిన మాట: "ముందు పొగ చూడు నాయినా. పొగ వస్తా ఉందా, లేదా? స్పానరు తర్వాత పట్టుకో." ఈ ఒక్క మాటలో ఒక పాఠ్యపుస్తకం ఉంది. డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని పదహారు, పదిహేడో వంతుకు నొక్కితే 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలో పడిన డీజిల్ తనంతట తానే మండుతుంది. సెల్ఫు కొడుతున్నప్పుడు సైలెన్సరులో పొగే లేదంటే డీజిల్ లోపలికి పోవడం లేదు. తెల్లపొగ వస్తుంటే డీజిల్ పోతోంది గానీ మండడం లేదు. చలికాలం తెల్లవారుజామున పలమనేరు వైపు ఇది మామూలే. ఇంజను వేడెక్కినా తెల్లపొగ తగ్గకపోతే నాజిల్‌నో, కంప్రెషన్‌నో అనుమానించాలి.

పొగ రాకపోతే ముందు స్టాపరు లాగి వదిలేశారేమో, ట్యాంకు కాక్ మూసి ఉందేమో చూడాలి. తర్వాత అనుమానం గాలి మీద. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా తోలినా, ఒక వాషరు చిట్లినా పైపుల్లోకి ఎయిర్ పడుతుంది. డీజిల్ నొక్కితే ఒదగదు, గాలి ఒదుగుతుంది. అందుకే పంపు ఎంత నెట్టినా నాజిల్ తెరుచుకోదు. ఫిల్టరు మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి, బుడగలు పోయేదాకా చేతి మీటతో కొట్టి బిగించాలి. తర్వాత పంపు దగ్గర, చివరగా నాజిల్ పైపుల దగ్గర. ఈ వరస తప్పకూడదు. నాజిల్ దగ్గర చిమ్మే డీజిల్‌కు చెయ్యి అడ్డం పెట్టకూడదు. సెల్ఫును ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టకూడదు.

ఇవేవీ తెలియక మనవాళ్ళు చేసే పనులు చూస్తే భయమేస్తుంది. కింద నిలబడి స్క్రూడ్రైవరుతో సెల్ఫును షార్టు చేస్తారు. బండి గేరులో ఉంటే ఇంజను అంటుకున్న మరుక్షణం పెద్ద చక్రం ఆ మనిషి మీదికే వస్తుంది. బ్యాటరీ పక్కన బీడీ ముట్టిస్తారు, అక్కడ హైడ్రోజన్ వాయువు ఉంటుందని రసాయనశాస్త్రం చదివిన కొడుకైనా చెప్పడు.

"పాతదాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు, అప్పు చేసి కొత్తది కొనుక్కోవచ్చు గదా" అనేవారున్నారు. బ్రేకులు పట్టని, కంప్రెషన్ పూర్తిగా పోయిన బండిని పూజించమని నేనూ అనను. కానీ అయిదెకరాల రైతుకు కొత్త ట్రాక్టరు అంటే ఏళ్ళ తరబడి కంతులు. పైగా 50 గుర్రాల శక్తి దాటిన బండ్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాక వాటి ఇంజన్లలోకి ఎలక్ట్రానిక్సు చేరింది. పాత బండినైతే నాలుగు స్పానర్లతో, కాస్త బుర్రతో మనమే విప్పి చూసుకోవచ్చు. ఆ స్వాతంత్ర్యాన్ని తేలిగ్గా వదులుకోకూడదు.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలో తన ఇంజన్ని విజయవంతంగా నడిపి చూపించాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశెనగ నూనెతో నడిచింది. శెనక్కాయ పండించే జిల్లా బిడ్డలం, ఈ ముక్క మనకు ఎంతమందికి తెలుసు?

విద్యార్థి సంఘం వారికి నాదొక సూచన. ఎన్.ఎస్.ఎస్. శిబిరమంటే రోడ్డు ఊడ్చి ఫోటో దిగడమే కానక్కరలేదు. ఏటా మే నెలలో, తొలకరికి ముందు, ఒక ఊరు ఎంచుకుందాం. ఇద్దరు మేస్త్రీలను గురువులుగా పిలుద్దాం, లెక్చరర్లకిచ్చే గౌరవమూ, తగిన పారితోషికమూ ఇద్దాం. ఊళ్ళోని ట్రాక్టర్ల బ్యాటరీ కొసలు, ఎర్తు వైర్లు, ఫిల్టర్లు వాళ్ళ చేతికింద నిలబడి చూద్దాం. చూసింది తేట తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి ఇంటింటికీ పంచుదాం. వానపడిన తెల్లారి ఒక్క చేను పదును తప్పకుండా విత్తనం పడినా మనం కట్టిన ఫీజులు దండగ కానట్టే.