పదునారేండ్ల ముద్దాయి

మన దేశమున 18 ఏండ్లు నిండనివానికి ఓటు లేదు. వాడు ఒప్పందపత్రముపై చేవ్రాలు చేసినను చెల్లదు. కాని 16 ఏండ్లు నిండినవానిని పెద్దవానివలె బోనెక్కింపవచ్చునట! 2015వ సంవత్సరపు బాలన్యాయ శాసనమందలి 15వ సెక్షను ఇందులకు త్రోవ తీసినది.

ఈ శాసనము పుట్టిన గడియ యెట్టిది? 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరమునకు దేశమెల్ల అట్టుడికెను. ముద్దాయిలలో ఒకడు మైనరు. చట్టము వానికి విధింపగల గరిష్ఠకాలము మూడేండ్లే. వాడు విడుదలయినది 2015 డిసెంబరు 20వ తేదీ. రాజ్యసభ బిల్లును ఆమోదించినది 22వ తేదీ. ఆ యాగ్రహమును మేము తప్పుపట్టము. కాని వయోపరిమితిని తగ్గింపనక్కరలేదని 2013 జనవరిలోనే జస్టిస్ వర్మ సంఘము చెప్పియుండెను గదా! ఆ మాట గాలికి పోయెను. తుదకు కొత్త చట్టము ఎవనిని తలచుకొని వ్రాయబడెనో వానిని తాకనే లేదు. ఊరు పేరు తెలియని యితర బాలురపై బడినది.

ఇక దాని నడక చూడుడు. కనిష్ఠశిక్ష ఏడేండ్లుగాని అంతకు మించిగాని గల నేరము మోపబడినచో, బాలన్యాయ మండలి మూడు మాసములలో ప్రాథమిక పరిశీలన జరుపవలెను. ఆ నేరము చేయుటకు వీనికి మనోబలము, దేహబలము గలవా? పర్యవసానము వీనికి తెలియునా? ఏ పరిస్థితులలో చేసెను? ఇవి ప్రశ్నలు. అసలు చేసెనో లేదో యింకను తేలలేదు! ‘నేను చేయలేదు’ అను బాలుడు ఈ మూడవ ప్రశ్నకు ఏమని బదులు చెప్పవలెను? ఇది విచారణ కాదని శాసనమే సన్నాయినొక్కులు నొక్కుచున్నది. విచారణ కానిదే వాని తలవ్రాతను మార్చుచున్నది.

మండలిలో నుండువారు ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సాంఘిక సేవకులు. మనశ్శాస్త్రజ్ఞుల సాయము ‘తీసికొనవచ్చును’ అని మాత్రమే శాసనము పలికెను. సభ్యులలో ఆ విద్య నెరిగినవారు లేనిచో తీసికొనియే తీరవలెనని చెప్పుటకు 2022లో సుప్రీంకోర్టు పూనుకొనవలసివచ్చెను.

1920లో, మన ఆంధ్రజిల్లాలు మద్రాసు రాజధానిలో నున్ననాడు, పరప్రభుత్వమే బాలల శాసనము చేసెను. స్వతంత్రభారతము 1986లో బాలురకు 16, బాలికలకు 18 ఏండ్లు హద్దుగా నుంచి, 2000లో ఇరువురకును 18 చేసెను. ముందుకు వేసిన యడుగును మనవారే వెనుకకు తీసిరి. ఉరి లేదు, విడుదలకు వీలులేని యావజ్జీవము లేదు అను ఊరట కొంత మిగిలినది, నిజమే.

15వ సెక్షనును పార్లమెంటు రద్దుచేయవలెను. అంతవరకు మన పట్టణములందలి న్యాయవాదులు ఈ బాలుర పక్షమున ఉచితముగ వకాల్తా పుచ్చుకొందురు గాక.