సేవాయాత్రకు సీజన్ తెలియాలి

విదేశీ చర్చి బృందాల సేవాయాత్రలో ఆఖరి రోజు ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకేలా గడుస్తుంది. షామియానా, సౌండ్ బాక్సులు, పిల్లల యాక్షన్ సాంగ్స్, అతిథులకు శాలువాలు, పిల్లలకు స్కూలు బ్యాగులూ బిస్కెట్ ప్యాకెట్లూ, చివర్లో ప్రార్థన, ఆపైన కన్నీళ్లు. అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ బృందాల్లో వస్తున్నారు. ఆ కన్నీళ్లను శంకించాల్సిన పనిలేదు. కాకపోతే వచ్చినవారి యాత్ర ముగిసే ఆ రోజుకు, ఇక్కడి పిల్లల క్యాలెండర్‌కు పొంతన ఉండదు. అయిజ ప్రాంతంలో అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో అయిజ, గట్టు, మల్దకల్, ధరూర్ మండలాలు సీడు పత్తికి పెట్టింది పేరు. హైబ్రిడ్ గింజ దానంతటది తయారు కాదు. సాయంత్రం పూట ఆడచెట్ల మీద మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను ఒక్కొక్కటే వెతికి, లోపలి కేసరాలను గోటితో గిల్లి తీసేయాలి. గుర్తుకోసం రంగు కాగితం ముక్క తగిలించాలి. తెల్లారాక మగచెట్ల పూలు కోసుకొచ్చి, ఎండ ముదిరేలోపు గుర్తు పెట్టిన ప్రతి పువ్వుకూ పుప్పొడి రుద్దాలి. ఊళ్లో దీన్ని క్రాసింగ్ అంటారు. ఆగస్టు నుంచి రెండు మూడు నెలలు రోజూ ఇదే పని. మందు కొట్టిన చేలో, మొక్కల మధ్య వంగి. సన్నటి వేళ్లు, తక్కువ కూలి, ఎదురు చెప్పని వయసు చూసి ఈ పనికి పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను దించారు. విత్తన కంపెనీకీ రైతుకూ మధ్యవర్తి అయిన ఆర్గనైజర్ రైతుకు అడ్వాన్సు ఇస్తాడు, రైతు కూలీల ఇళ్లకు అడ్వాన్సు ఇస్తాడు, ఆ బాకీ తీర్చడానికి బడిలో ఉండాల్సిన పిల్ల చేలో ఉంటుంది.

ఇదేమీ కొత్తగా బయటపడిన రహస్యం కాదు. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు బహుళజాతి విత్తన కంపెనీల పేర్లతో సహా 2003 నాటికే నివేదికలు రాశారు. ఒత్తిడి పెరిగాక కంపెనీలు ఒప్పందాల్లో షరతులు చేర్చాయి. కూలికి తెచ్చే పిల్లలు తగ్గినచోట రైతులు సొంత పిల్లలనే దించారు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, బడి వేళలయ్యాక, సెలవుల్లో పిల్లలు కుటుంబ పనుల్లో సాయపడొచ్చని వెసులుబాటు ఇచ్చింది. పుప్పొడి రుద్దే సమయం సరిగ్గా బడి గంట కొట్టే సమయమేనని ఆ సవరణ రాసినవారికి తట్టినట్టు లేదు.

ఇప్పుడు అతిథుల రాకపోకలు చూడండి. క్రిస్మస్ సెలవుల్లో కొందరు, అమెరికా బడులకు సెలవులుండే జూన్, జూలైల్లో కొందరు వస్తారు. సెప్టెంబరులో నడిగడ్డకు సేవాయాత్ర పెట్టుకునేవారు అరుదు. వాళ్ల పిల్లలకూ అప్పుడు బడే కదా! డిసెంబరులో బ్యాగు అందుకున్న అమ్మాయి మళ్లీ క్రాసింగ్ మొదలయ్యేనాటికి ఆ బ్యాగును గూట్లో పెట్టేస్తే వీడ్కోలు సభ ఫొటోల్లో అది కనపడదు.

నడిగడ్డ ఉన్న పాలమూరు నేలకు నిలిచి పనిచేసిన మిషనరీలూ తెలుసు. 1904లో వచ్చిన మెన్నొనైట్ బ్రెదరన్ మిషనరీ డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూల్ కేంద్రంగా దాదాపు నాలుగు దశాబ్దాలు ఉన్నారు. గద్వాల క్షేత్రాన్ని 1937లో అమెరికన్ బాప్టిస్టుల నుంచి ఈ మిషనే తీసుకుంది. 1907లో వచ్చిన డాక్టర్ కాథరినా షెల్లెన్‌బర్గ్ 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూశారు. వాళ్ల మతబోధనతో విభేదించవచ్చు, ఆ కాలపు దొరతనాన్ని విమర్శించవచ్చు. కానీ వానాకాలంలో ఊరెలా ఉంటుందో, కలుపు రోజుల్లో బడి ఎందుకు ఖాళీ అవుతుందో వాళ్లకు ఒకరు చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

సాయాన్నీ మతాన్నీ కలపకూడదన్న జాగ్రత్త కూడా నిన్నమొన్నటిది కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, మాదిగలకు, ఇతర పేదలకు కూలి పని చూపించారు. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. కూటి కోసం మతం మారారన్న మాట పడకూడదన్నది ఆయన పట్టుదల. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందింది ఆ తర్వాతే. బిస్కెట్ ప్యాకెట్‌తో పాటే కరపత్రం పంచే నేటి బృందాలు ఆ సంయమనం ముందు నిలబడగలవా అన్నది వారే ఆలోచించుకోవాలి.

డబ్బు లెక్క ఇంకా కఠినం. 1998లో మిచ్ తుపాను తర్వాత హోండురాస్‌లో ఇళ్లు కట్టిన అమెరికన్ చర్చి బృందాలపై కర్ట్ వెర్ బీక్ అధ్యయనం చేశారు. స్థానిక సంస్థ రెండు వేల డాలర్లకు కట్టగల ఇంటికి, విమాన ఛార్జీలతో కలిపి బృందాలకు ముప్పై వేల దాకా అయింది. ఎవరు కట్టారన్నదాన్ని బట్టి ఆ ఇళ్లలో ఉండేవారి బతుకుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వెళ్లొచ్చినవారిలోనూ పెద్ద మార్పు కనిపించలేదు.

అలాగని డబ్బు పంపి ఊరుకుంటే చాలా? 1968 నుంచి మన దేశంలో పిల్లలకు స్పాన్సర్‌షిప్ నడిపిన కంపాషన్ ఇంటర్నేషనల్‌ను 2016లో కేంద్రం విదేశీ నిధులకు ముందస్తు అనుమతి కావాల్సిన సంస్థల జాబితాలో పెట్టింది. నిధులు మతమార్పిడికి వెళుతున్నాయన్నది ప్రభుత్వ ఆరోపణ, కాదన్నది సంస్థ వాదన. 2017 మార్చి 15న సంస్థ ఇక్కడ పని ముగించింది. సుమారు 1.45 లక్షల మంది పిల్లలకు అది ఆఖరి రోజు. శాలువాలూ పాటలూ లేని ఆఖరి రోజు. దాదాపు అర్ధ శతాబ్దం నడిచిన సాయం ఏడాది తిరక్కుండా ఆగిపోయిందంటే, ప్రభుత్వ వైఖరిని ఎంత తప్పుపట్టినా, పిల్లల ఫీజునూ భోజనాన్నీ ఒక్క విదేశీ ఖాతాకే ముడిపెట్టిన పద్ధతిలోనూ లోపముంది. 2020 సవరణతో విదేశీ నిధుల నిబంధనలు మరింత బిగుసుకున్నాయి. టూరిస్టు వీసాపై మతబోధన కుదరదు. 2021 నుంచి మిషనరీ పనికి ఓసీఐ కార్డున్న మనవాళ్లకూ ప్రత్యేక అనుమతి కావాలి. ఇవి తెలియకుండా వచ్చేవారు తమకన్నా తమను పిలిచిన స్థానిక పాస్టర్‌నే ఎక్కువ చిక్కుల్లో పెడతారు.

ఆడపిల్లను క్రాసింగ్ చేను నుంచి బడికి మళ్లించే పని తెలంగాణలో చేసి చూపించినవారున్నారు. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ పనికెళ్లే పిల్లలను బ్రిడ్జి క్యాంపుల్లో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించింది. 2003లో ఆమెకు మెగసెసె అవార్డు వచ్చింది ఆ కృషికే. అందులో ప్రధాన బలం ఊళ్లోని యువకులే. తల్లిదండ్రులతో మాట్లాడటం, అడ్వాన్సు ఇచ్చిన రైతును ఒప్పించడం, పిల్ల నాలుగు రోజులు బడి మానేస్తే ఇంటి తలుపు తట్టడం వాళ్ల పని. నాలుగు రోజులుండి వెళ్లే అతిథికి సాధ్యమయ్యే పని కాదిది. అలాంటి కార్యకర్తకు ఏడాది జీతం మాత్రం, చట్టప్రకారం అనుమతులున్న సంస్థ ద్వారా, అతిథులు భరించగలరు.

అయిజకు రావాలనుకునే చర్చి పెద్దలకు ఒక విన్నపం. టికెట్లు బుక్ చేసేముందు ఇక్కడి సర్కారు బడి హెడ్మాస్టరుకు ఫోన్ చేయండి. నిరుడు సెప్టెంబరులో ఆరు నుంచి పదో తరగతి దాకా ఎంతమంది ఆడపిల్లలు బడికి రాలేదో అడగండి. ఆ సంఖ్యను తగ్గించడానికి మీ సంఘం ఏం చేయగలదో తేల్చుకుని, అప్పుడు రండి.