గుప్పెడు తుపాకి ఖరీదు

వస్తువులు కూడబెట్టే సరదా మనవాళ్లకు కొత్త కాదు. తపాలా బిళ్లలు కొందరు, పాత నాణేలు కొందరు, అగ్గిపెట్టెల బొమ్మలు కొందరు పోగు చేస్తారు. పడమటి దేశాల్లో మరొక సరదా కూడా వుంది. అరచేతిలో ఇమిడిపోయే చిన్న చిన్న పిస్తోళ్లను సేకరించడం! చొక్కా జేబులోనో, ఆడవారి చేతిసంచిలోనో ఎవరికీ కనబడకుండా దాచుకోవడానికి చేసినవి అవి. మన దేశంలో చేతికర్రలో కత్తి దాచే గుప్తి వుండేది కదా, దానికి ఇవి సీమ తోబుట్టువులన్నమాట.

ఇలాంటి వస్తువు ఖరీదు దేన్నిబట్టి వుంటుంది? ఇనుమును బట్టి కాదు. పనితనాన్ని బట్టి కొంత. మిగిలినదంతా దాని వెనక వున్న కథను బట్టి!

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో హెన్రీ డెరింజర్ అనే తుపాకుల పనివాడు వుండేవాడు. చిన్న పిస్తోళ్లకు ఆయనది పెట్టింది పేరు. 1865 ఏప్రిల్ 14 రాత్రి నాటకం చూస్తున్న అధ్యక్షుడు లింకన్‌ను బూత్ అనేవాడు కాల్చింది ఆయన చేసిన పిస్తోలుతోనే. పత్రికలవాళ్లు ఆ పేరును ఒక అక్షరం ఎక్కువ వేసి అచ్చు వేశారు. ఆ తప్పే లోకంలో నిలిచిపోయి, ఎవరు చేసిన జేబు పిస్తోలైనా ఆ పేరుతోనే చలామణీ అయింది. మనిషి పేరు జాతివాచకం కావడం వ్యాకరణం చెప్పుకునే నాబోటివాడికి వినోదమే కాని, ఆ పనివాడికి ఏమంత వినోదంగా వుండి వుండదు. ఆ పిస్తోలు నేటికీ వాషింగ్టన్‌లో, ఆ నాటకశాలలోనే, అద్దాల వెనక వుంది.

ఇంకొక ఉదాహరణ. 1873 జూలై 10న ఫ్రెంచి కవి వెర్లేన్ బ్రస్సెల్స్ నగరంలో 23 ఫ్రాంకులు పెట్టి చిన్న రివాల్వరు కొన్నాడు. ఆ రోజే తన స్నేహితుడు, కవి రాంబోను దానితో కాల్చాడు. మణికట్టుకు గాయమైంది. వెర్లేన్‌కు రెండేళ్ల జైలు పడింది. 2016లో పారిస్ వేలంలో ఆ రివాల్వరు 4,34,500 యూరోలు పలికింది! అదే రకం రివాల్వరు మరొకటి, పొలంలో ఒక రైతుకు దొరికినది, 2019లో 1,62,500 యూరోలకు పోయింది. తుప్పు పట్టి పిడి కూడా లేని వస్తువది. చిత్రకారుడు వాన్ గో 1890లో తన్ను తాను కాల్చుకున్నది దానితోనే కావచ్చునట. అదేనని ఎవరూ ప్రమాణం చేయలేదు. ఆ "కావచ్చు" అన్న మాటకే అంత ధర!

మన సంగతికి వద్దాం. ఈ మధ్య చివ్వెంల నుంచి వచ్చే విద్యార్థి ఒకడు తరగతి అయిపోయాక నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "సార్, మా ముత్తాత సందుగులో చిన్న పిస్తోలు దొరికింది. లచ్చలు వస్తయంటున్నరు, నిజమేనా?" అన్నాడు. ఇంటర్నెట్‌లో విదేశాల ధరలు చూసుకుని వచ్చాడు పాపం. చెల్లెలి పెళ్లికి పనికొస్తుందని ఇంట్లో ఆశ.

ఆ ధరలు మనవి కావు. నూరేళ్లు దాటిన పురావస్తువును సొంతానికి విదేశం పంపడానికి 1972 నాటి చట్టం ఒప్పుకోదు. ఇక్కడే అమ్ముదామంటే, 1959 నాటి ఆయుధాల చట్టం వుంది. లైసెన్సు లేని పిస్తోలు ఇంట్లో వుంచుకోవడమే నేరం. 2019 సవరణ తర్వాత లైసెన్సు వున్నవారికైనా రెండు తుపాకులే. తాతలనాటివైనా లెక్క అంతే. మరమ్మతు చేసినా పేలని పాతకాలపు వస్తువుకు ఆ చట్టంలోనే మినహాయింపు వుంది. కాని పేలుతుందో పేలదో ఇంట్లో మీట నొక్కి తేల్చుకునే సంగతి కాదు. అలా తేల్చుకోబోయి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. ముట్టుకోకుండా పోలీసు స్టేషనుకు కబురుచేసి, అప్పగించి రసీదు తీసుకోవడమే మర్యాదైన దారి.

కుర్రవాడి ముఖం చిన్నబోయింది. "అది ఎట్లా వచ్చిందో ఇంట్లో అడిగావా?" అన్నాను. అడగలేదట.

1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ పోరాటంలో సూర్యాపేట తాలూకా ముందు వరసలో వుంది. మొదట్లో జనం చేతిలో వున్నవి వడిసెలలు, కర్రలు, కారప్పొడి. తుపాకి వుండేది గడీలో. తరవాత భర్మార్లు, మరికొన్ని ఆయుధాలు దళాల చేతికి వచ్చాయి. ఆ రోజుల్లో తుపాకి ఖరీదు రూపాయల్లో కట్టలేదు. దాని దెబ్బకు పోయిన మనుషుల్లో, దాన్ని దాచినందుకు లాఠీలు తిన్న ఇళ్లలో కట్టారు.

వారం తరవాత వాడు మళ్లీ వచ్చాడు. పిస్తోలు స్టేషనులో అప్పగించారట. నాయనమ్మను అడిగాడట. ఆవిడ అత్తగారు దాన్ని వడ్ల గుమ్మిలో దాచి, పోలీసులు వచ్చినప్పుడల్లా ఆ గుమ్మి పక్కనే కూర్చుని బియ్యం చెరిగేదట. పైట చెంగు తడిసిపోయేటంత చెమట పట్టేదట, చేట మాత్రం ఆగేది కాదట. ఇదంతా వాడు నోటుబుక్కులో నాలుగు పేజీలు రాసుకొచ్చాడు. పెళ్లి ఖర్చుకు అది పనికిరాదు. కాని ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసినది ఆ ముసలావిడ ఒక్కతే.

మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో కాలం చేశాడు. ఆయన కూడబెట్టిన వస్తువులతో 1951 డిసెంబరు 16న నెహ్రూగారు హైదరాబాదులో మ్యూజియం తెరిచారు. అక్కడి ఆయుధాల గదిలో జనం మొదట కత్తినీ తుపాకినీ చూసి, వెంటనే పక్కనున్న చీటీ మీదికి వంగుతారు. ఎవరిది, ఎప్పటిది అని! చీటీ లేకపోతే అది పాత ఇనుమే.

మీ ఇంట్లోనూ అలాంటి సందుగు వుంటే, వస్తువును చట్టానికి అప్పగించండి. చీటీ మాత్రం మీరే రాసి వుంచుకోండి, చెప్పేవాళ్లు వుండగానే.