రాజశేఖరం, మోగ్లీ, మా పెద్దమ్మ

మా పెద్దమ్మకి యద్దనపూడి సులోచనారాణి నవల ‘సెక్రటరీ’ అన్నా, అందులో హీరో రాజశేఖరం అన్నా ప్రాణం. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో అది సినిమాగా వచ్చినా ఆవిడ ఒప్పుకోలేదు. ‘‘నా రాజశేఖరం ఇంకా పొడుగండీ’’ అనేది, పెదనాన్న వింటుండగానే! అమలాపురంలో అద్దెకి తెచ్చిన నవలకి చివరి పేజీలు చిరిగిపోయి ఉంటే, ముగింపు తనే అల్లి చెప్పేది. ఆ ముగింపులే బాగుండేవి.

మాకేమో మోగ్లీ. జపాన్‌లో 1989లో తీసిన ఆ బొమ్మల కథ దూరదర్శన్‌లో హిందీలో వచ్చేది. గుల్జార్ పాటలో ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఊరంతా వినబడేలా పాడేవాళ్లం. కొబ్బరిచెట్ల మధ్య సిగ్నల్ అందదు కదా, గెడకి కట్టిన యాంటెన్నాని ఒకడు తిప్పుతుంటే, లోపల్నించి ఇంకొకడు ‘‘ఆపు, ఆపు!’’ అని అరవాలి. తిప్పేవాడికి మోగ్లీ కనబడేవాడు కాదు, పాపం. ఎక్కువసార్లు ఆ తిప్పేవాణ్ణి నేనే.

1996 నవంబరు 6 తుపానుకి చెట్లూ, యాంటెన్నాలూ, కరెంటు స్తంభాలూ అన్నీ ఒరిగిపోయాయి. రోజుల తరబడి చీకటి. లాంతరు దగ్గర కూర్చుని పెద్దమ్మ ‘సెక్రటరీ’ పైకి చదివింది. మొదట నవ్వుకున్నాం. జయంతి, రాజశేఖరం మాటామాటా అనుకునే చోటికి వచ్చేసరికి అన్నం తినమని పిలిచినా లేవలేదు. బదులుగా పెద్దమ్మకి మోగ్లీ కథ చెప్పాను. అంతా విని, ‘‘పెళ్లెప్పుడు చేసుకుంటాడ్రా?’’ అంది.

ఈ సంచికంతా ఇలాంటి ఇష్టాలే. చదవండి.