పెట్టె కట్టుకున్న రోజున పడుకోకండి



గుండెదడ, కళ్ళు తిరగడం, ఉన్నట్టుండి స్పృహ తప్పడం వంటి బాధలతో వచ్చేవారికి డాక్టరు గారు రాసే పరీక్షల్లో హోల్టర్ పరీక్ష ఒకటి. రొమ్ము మీద స్టిక్కర్లు అంటించి, వాటి తీగలను ఒక చిన్న పెట్టెకు కలిపి, ఆ పెట్టెను నడుముకు కట్టి గాని మెడలో వేసి గాని ఇంటికి పంపుతాము. 24 గంటలు, అవసరమైతే 48 గంటలు గుండె కొట్టుకునే తీరును అది రాసుకుంటుంది. తిరిగి తెచ్చి ఇచ్చాక కంప్యూటరులో చూసి రిపోర్టు ఇస్తారు.

ఈ పరీక్ష గురించి మా నర్సింగ్ విభాగం వారి అభిప్రాయం ఒకటి చెప్పదలచాము. మిషను ఎంత మంచిదైనా, దాన్ని కట్టుకున్న రోజు మామూలు రోజులా గడవకపోతే, ఆ రోజు ఏ వేళకు ఏం జరిగిందో ఎవరూ రాయకపోతే, ఆ పరీక్ష బూడిదలో పోసిన పన్నీరే. రోజును మామూలుగా గడవనివ్వడం పేషెంటు ఒక్కరి చేతిలో లేదు. అది ఆసుపత్రి వారి చేతిలో, ఇంటివారి చేతిలో, పని ఇచ్చేవారి చేతిలో కూడా ఉంది.

పది సెకన్లు, లక్ష దెబ్బలు

గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటుందనుకుంటే రోజుకు లక్ష సార్లు అవుతుంది. మంచం మీద పడుకోబెట్టి తీసే మామూలు ఇ.సి.జి. కాగితం మీద పడేది సుమారు 10 సెకన్లు. అంటే పది, పన్నెండు దెబ్బలు. వచ్చి పోయే దడ సరిగ్గా ఆ 10 సెకన్లలోనే రావాలంటే ఎలా వస్తుంది? అందుకే రోజంతా రాసే మిషను అవసరమైంది.

దీన్ని కనిపెట్టిన నార్మన్ హోల్టర్ అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో హెలెనా పట్టణానికి చెందిన శాస్త్రవేత్త. 1940ల చివర్లో ఆయన తయారుచేసిన మొదటి మిషను బరువు సుమారు 38 కిలోలు. మూటలా వీపుకు కట్టుకొని మోయవలసి వచ్చేది. 1961లో తన పద్ధతిని సైన్స్ పత్రికలో ప్రకటించాడు. అంత బరువు మోసింది దేనికి? మంచం మీద ఉన్న గుండెను కాదు, నడిచే మనిషి గుండెను, పనిచేసే మనిషి గుండెను చూడడానికి. ఈనాడు ఆ పెట్టె అరచేతిలో ఇమిడిపోతుంది. దాన్ని కట్టుకొని పడుకుంటే హోల్టర్ గారి శ్రమ ఎందుకైనట్టు?

మన ప్రాంతానికి ఇది ఎందుకు ముఖ్యం

గుండె జబ్బులు పట్నం వారికే అనుకునే రోజులు పోయాయి. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో ఒక సంవత్సరంలో జరిగిన 1354 మరణాల కారణాలను పరిశోధకులు ఆరా తీశారు. 2006లో ప్రకటించిన ఆ లెక్క ప్రకారం నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల వచ్చినవే. పక్షవాతం కూడా ఇందులోదే.

గుండె లయ తప్పడంలో పలు రకాలున్నాయి. వాటిలో ఎట్రియల్ ఫిబ్రిలేషన్ అనే దాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. ఇందులో గుండె పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతూ ఉంటాయి. రక్తం అక్కడ నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో చేసిన అధ్యయనం 1978లో ఈ విషయాన్ని లెక్కతో చెప్పింది. ఈ లయ దోషం ఉన్నవారికి పక్షవాతం ముప్పు ఐదు రెట్లకు పైగా ఉంటే, దానికి తోడు కీళ్ళవాత జ్వరం వల్ల గుండె కవాటం చెడినవారికి 17 రెట్లు ఉంది. చిన్నతనంలో గొంతునొప్పి, కీళ్ళనొప్పులు వచ్చి, పెళ్ళయి పిల్లలు పుట్టాక ఆయాసంతో వచ్చే స్త్రీలు మన వార్డులకు కొత్త కాదు. ముందుగా కనిపెట్టి రక్తం పలచబడే మందు సరిగా వాడితే ఆ పక్షవాతాల్లో ఎక్కువ భాగం ఆపవచ్చు. ముప్పై అయిదేళ్ళ తల్లి కుడి చెయ్యి పడిపోతే ఆ ఇల్లు ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మంచం దిగలేదండి

పెట్టె తిరిగి తెచ్చినవారితో మా సిస్టర్లకు తరచు జరిగే సంభాషణ ఇలా ఉంటుంది.

"ఏమ్మా, నిన్న దడ వచ్చిందా?"

"రాలేదండి సిస్టరు గారూ. మిషను పెట్టారు గదాని మంచం దిగలేదండి. మా అత్తయ్య గారే వంట చేసేశారండి."

"మామూలుగా ఎప్పుడు వస్తుంది?"

"కుండీలు లారీకి ఎక్కించేటప్పుడండి."

ఇక రిపోర్టు ఎలా వస్తుంది? అంతా బాగుందనే వస్తుంది. ఆ కాగితం పట్టుకొని "నాకేమీ లేదట" అని ఆమె మళ్ళీ కుండీలు మోయడానికి పోతుంది. జబ్బు అలాగే ఉంటుంది. పైగా రేపు దడ వచ్చిందంటే "పరీక్ష చేయించాం గదా, ఏమీ లేదన్నారు గదా" అని ఇంట్లో వారే నోరు మూయిస్తారు.

పడుకోవడానికి కారణాలు లేకపోలేదు. కరెంటు కొడుతుందేమోనని కొందరి భయం. ఆ పెట్టె చిన్న బ్యాటరీతో నడుస్తుంది, ఒంట్లోకి కరెంటు పంపదు. ఖరీదైన వస్తువు, పాడైతే కట్టమంటారేమోనని కొందరి భయం. మిషనే వైద్యం చేస్తుందని ఇంకొందరి నమ్మకం. అది వైద్యం చేయదు, రాసుకుంటుంది, అంతే.

వీటన్నిటికంటె పెద్ద కారణం వేళ. ఉదయం పది గంటలకు అమర్చి మరునాడు పది గంటలకు రమ్మంటే కూలి మనిషికి రెండు రోజుల పని పోతుంది. పని పోయాక ఇంట్లో కూర్చోక ఏం చేస్తుంది? కడియం, కడియపులంక నర్సరీల్లో పనివారి రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. పూలు కోయడం, కవర్లలో మట్టి నింపడం, అంట్లు కట్టడం, కుండీలు మోయడం, లారీల లోడింగు. ఈ పనుల్లో గుండె ఎలా ఉంటుందో తెలియాలంటే, సాయంత్రం పని దిగాక పెట్టె అమర్చి, మరుసటి సాయంత్రం తీయాలి. అప్పుడు ఒక్క పూట కూలి కూడా పోదు, పని రోజంతా మిషనులో పడుతుంది. ఇందుకోసం ఆసుపత్రిలో ఒక సిస్టరు సాయంత్రం ఒక గంట ఎక్కువ ఉండవలసి వస్తుంది. ఉండాలనే మా అభిప్రాయం.

ఒక జాగ్రత్త. స్పృహ తప్పి పడిపోయిన చరిత్ర ఉన్నవారు బండి నడపకూడదు, కాలువలో దిగకూడదు, చెట్టు ఎక్కకూడదు. డాక్టరు గారు వద్దన్న పని పెట్టె కోసం చేయకూడదు. మిగిలినవారు రోజూ చేసే పని చేయాలి. పైపుతో నీళ్ళు పెట్టే పని మాత్రం ఆ ఒక్క రోజు పక్కవారికి ఇవ్వండి. పెట్టె తడవకూడదు. స్నానం చేసి రండి, పెట్టె తీసేదాకా మళ్ళీ స్నానం వద్దు. ఆ రోజు ఒంటికి కొబ్బరినూనె, పౌడరు రాయకండి. చెమటకు స్టిక్కరు ఊడితే కొత్తది వేయించుకోండి. సెల్‌ఫోను పెట్టెకు ఆనించి పెట్టుకోకండి.

డైరీ ఎవరు రాయాలి

పెట్టెతో పాటు ఒక కాగితం ఇస్తాము. అది చాలాసార్లు తెల్లగానే తిరిగి వస్తుంది. నిజానికి ఆ కాగితం సగం పరీక్ష. ఇలా రాస్తే చాలు:

తెల్లవారుజాము 4.30 – పూలు కోస్తున్నాను – ఏమీ లేదు.
ఉదయం 10.15 – కుండీలు మోస్తున్నాను – దడ, ఆయాసం, 5 నిమిషాలు.
మధ్యాహ్నం 1.00 – అన్నం తిన్నాను, మాత్ర వేసుకున్నాను.
రాత్రి 9.30 – పడుకున్నాను.

డాక్టరు గారు మిషనులో 10.15 దగ్గర చూస్తారు. అక్కడ లయ తప్పి ఉంటే కారణం దొరికినట్టే. లయ సరిగానే ఉండి వేగం మాత్రమే పెరిగి ఉంటే రక్తహీనత, థైరాయిడు, దిగులు వంటి వేరే కారణాలు వెతుకుతారు. రెండూ పనికివచ్చే జవాబులే. పెట్టెకు బటను ఉంటే బాధ కలిగినప్పుడు దాన్ని నొక్కాలి, వేళ కూడా రాయాలి.

చదువు రాని వారి సంగతేమిటి? ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలుంటారు, వారి చేత రాయించండి. పని దగ్గర మేస్త్రీ చేత గాని తోటి పనివారి చేత గాని రాయించండి. ఎవరూ లేకపోతే బొమ్మలున్న కాగితం అడగండి. అటువంటిది ప్రతి ఆసుపత్రి ఉంచాలి. ఉదయానికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు, పక్కన గుర్తు పెట్టడానికి చోటు ఉంటే చాలు.

స్త్రీలు రాయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. దడ చాలామందికి ఇంట్లో మాటా మాటా వచ్చినప్పుడు వస్తుంది. అది రాస్తే ఇంట్లో వారు చదువుతారని మానేస్తారు. అమ్మా, గొడవ ఎవరితో, ఎందుకు అన్నది మాకు రాయనక్కరలేదు. వేళ రాసి, దడ అని రాయండి, చాలు. మిగతాది డాక్టరమ్మ గారితో చెప్పుకోవచ్చు. అలాగే స్త్రీలకు ఈ పెట్టెను తెర చాటున స్త్రీయే అమర్చాలి. సిగ్గు వల్ల పరీక్షే మానుకునేవారున్నారు గనుక ఇది చిన్న విషయం కాదు.

ఆ రోజు దడ రాకపోతే "జబ్బు లేదు" అని కాదు అర్థం, "ఆ రోజు రాలేదు" అని. వారానికోసారి వచ్చేదానికి 7 నుండి 14 రోజులు అంటించి ఉంచే పట్టీలున్నాయి. చాలా అరుదుగా వచ్చేదానికి చర్మం కింద అమర్చే చిన్న మిషను కూడా ఉంది. డాక్టరు గారిని అడగండి.

చేతి గడియారం చెప్పేది

హైదరాబాదు నుండి, గల్ఫు నుండి, అమెరికా నుండి పిల్లలు తల్లిదండ్రులకు గుండె చూసే గడియారాలు పంపుతున్నారు. వద్దనము. 2019లో ప్రకటించిన ఆపిల్ హార్ట్ స్టడీలో 4 లక్షల 19 వేల మందికి పైగా అటువంటి గడియారాలు కట్టుకొని పాల్గొన్నారు. లయ తప్పినట్టు హెచ్చరిక వచ్చింది 2,161 మందికి, అంటే వెయ్యికి అయిదుగురికి. వారిలో గుండె పట్టీ వేసుకొని తిరిగి పంపినవారిని చూస్తే నూటికి 34 మందికి ఎట్రియల్ ఫిబ్రిలేషన్ కనిపించింది. అది వచ్చి పోయే జబ్బు కనుక మిగిలినవారికి లేదని చెప్పలేము. అయినా గడియారం మాట తీర్పు కాదని తెలుస్తుంది. హెచ్చరిక వస్తే గాభరా పడక ఇ.సి.జి. తీయించుకోండి. హెచ్చరిక రాలేదని ధైర్యపడి రక్తం పలచబడే మాత్ర ఎన్నడూ మానకండి. గడియారం గుండెపోటును కనిపెట్టదని కూడా గుర్తుంచుకోండి.

గడియారం లేనివారికి మూడు వేళ్ళున్నాయి. బొటనవేలి మూలం కింద, మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, గోడ గడియారం చూస్తూ ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. దెబ్బకు దెబ్బకు మధ్య ఎడం సమంగా లేకుండా ఇష్టం వచ్చినట్టు పడుతుంటే ఆసుపత్రికి రండి. దీనికి పైసా ఖర్చు లేదు.

మూతి వంకర పోవడం, మాట తడబడడం, చెయ్యి పడిపోవడం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం కలిగితే మాత్రం పెట్టె కోసం, డైరీ కోసం ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

మా మనవి

నర్సరీ రైతులకు మా మనవి: పెట్టె కట్టుకొని వచ్చిన మనిషిని వెనక్కి పంపకండి. చేసే పని చేయనివ్వండి, కూలి ఇవ్వండి. సంఘ కాపరులకు, స్త్రీల సమాజం వారికి: పెట్టెతో గుడికి వచ్చిన సహోదరిని వింతగా చూడనివ్వకండి. ఆమె ఇంట రాయగలవారు లేకపోతే ఒకరిని పంపండి. ఆసుపత్రుల వారికి: పెట్టె అమర్చడానికి పది నిమిషాలు పడితే, చెప్పడానికి ఇంకో పదిహేను నిమిషాలు కేటాయించండి. ఆ పదిహేను నిమిషాలూ పరీక్షలో భాగమే.

రక్తస్రావముగల స్త్రీ సంగతి మనకందరికీ తెలుసు. ఆమె బాధ ప్రభువుకు తెలియనిది కాదు. అయినా ఆయన ఆగి, ఆమె నోట వినగోరాడు. రోగి నోటి మాట వినకుండా చేసే వైద్యం మన పరిచర్య కాదు. లక్ష దెబ్బలు రాసే మిషను దొరికింది గనుక మనిషిని అడగనక్కరలేదు అనుకోకుందుము గాక.