రంగు చూసి జాతి చెప్పలేం

సంపాదకులకు,

కడియం నర్సరీల మీద మీరు వేసిన వ్యాసంలో బోగన్‌విల్లాను, అదే మన కాగితం పువ్వును, రంగు చూసి ఏ జాతో చెప్పేయవచ్చని రాశారు. అది తప్పు. రంగులో కనిపించేది అసలు పువ్వే కాదు, పువ్వును చుట్టుకున్న పత్రం. నిజమైన పువ్వు లోపల సన్నగా, తెల్లగా ఉంటుంది. మేరీ పామర్ అనే రకంలో ఒకే మొక్కకు తెలుపూ గులాబీ పత్రాలు రెండూ వస్తాయి. దాన్ని ఏ జాతి అందాం?

జాతి తెలియాలంటే ఆకు తడిమి చూడాలి. గ్లాబ్రా జాతి ఆకు నున్నగా మెరుస్తుంది, ముల్లు పొట్టిది. స్పెక్టాబిలిస్ జాతి ఆకు మీద మెత్తని నూగు వేలికి తగులుతుంది. ముళ్లు పొడవు, కొస వంకర. తికమకంతా బటియానాతోనే. అది గ్లాబ్రాకూ పెరువియానా అనే మరో జాతికీ పుట్టిన సంకరం. 1910లో కొలంబియా నుంచి ట్రినిడాడ్‌కు తెచ్చిన 'మిసెస్ బట్' మొక్క పేరే దానికి నిలిచింది. బటియానా ఆకు వెడల్పు, రంగు పత్రాలు గుండ్రం. తర్వాత వచ్చిన సంకరాల్లో ఈ గుర్తులూ కలిసిపోయాయి. అలాంటివాటిని జాతి పేరుతో కాదు, రకం పేరుతోనే పిలవాలి. ప్రపంచమంతటి బోగన్‌విల్లా రకాల పేర్లు నమోదు చేసే బాధ్యత మన ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థదే.

ఇది పేర్ల పట్టింపు కాదు. కుండీకి గ్లాబ్రా కావాలని వచ్చినవారు రంగు నమ్మి స్పెక్టాబిలిస్ పట్టుకెళితే, అది గోడెక్కి పాకుతుంది. వచ్చే సంచికలో సవరణ వేయండి.

– ఒక నర్సరీ రైతు, వేమగిరి