ప్రొజెక్టర్ బీరువాలో ఉంటే ఎట్లా?

వార్షికోత్సవం వచ్చిందంటే ప్రొజెక్టర్ బయటికొస్తుంది. ముఖ్య అతిథి గారి ఫోటోలు చూపించి మళ్ళీ బీరువాలోకి పోతుంది. మాలో కొందరు చదివిన ఒక బడిలో ఏటా ఇదే తంతు. పిల్లలు తాకితే చెడిపోతుందట! విద్యార్థి తాకని యంత్రం ఉన్నా లేనట్టే అని మా అభిప్రాయం.

వెలుగుతో బొమ్మలాడించడం మన సీమకు కొత్త కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలును వెలుతురు పారేంత పలుచగా గీకి, రంగులద్ది, చిల్లులు కొట్టి బొమ్మలు చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఆటలో తెర వెనుక దీపానికి రంగు లేదు, రంగంతా తోలులోనే ఉంది.

డి.ఎల్.పి. ప్రొజెక్టర్‌లో ఇది తిరగబడింది. 1987లో అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ కనిపెట్టిన చిప్ మీద కంటికి ఆనని అద్దాలుంటాయి. 1024 × 768 చుక్కల బొమ్మకు 7,86,432 అద్దాలు! ఒక్కో అద్దానికి వచ్చిన పని రెండే: వెలుగును తెర మీదికి తిప్పడం, లేదా పక్కకు తిప్పడం. అద్దానికి రంగు లేదు, రంగు దీపాలది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్.ఇ.డి.లు వంతులవారీగా వెలుగుతాయి. ఏ దీపం వెలిగితే ఆ రంగు బొమ్మకు తగ్గట్టు అద్దాలు వాలుతాయి. (పాతవాటిలో తెల్లదీపం ముందు రంగుల చక్రం తిరుగుతుంది.) మూడు బొమ్మలు వేరువేరుగా పడుతున్నా ఆ వేగానికి మన కన్ను ఒకటిగా కలిపేస్తుంది. త్రీడీ సినిమాలోనూ ఇదే ఉపాయం. ఒకే ప్రొజెక్టర్ ఎడమకంటి బొమ్మను, కుడికంటి బొమ్మను మార్చి మార్చి సెకనుకు 144 సార్లు వేస్తుంది. ఏ కంటిది ఆ కంటికి అందేలా అద్దాలజోడు చూసుకుంటుంది.

పరీక్షలో ఇది నాలుగు మార్కుల జవాబు. కానీ రంగుల చక్రమున్న ప్రొజెక్టర్ వెలుగులో వేళ్ళు విప్పి చెయ్యి గబగబా ఊపి చూడండి, వేళ్ళ అంచున రంగులు విడివిడిగా కనబడతాయి. మాలో ఒకడు ఆ సంగతి సభ మధ్యలో అనుకోకుండా కనిపెట్టాడు. తెరకు అడ్డమొచ్చావని తిట్లు తిన్నాడు. మూడు రంగులు ఎందుకొచ్చాయని వాణ్ణి ఎవరూ అడగలేదు.

ఖరీదైన వస్తువు, పగిలితే ఎవరు కడతారు అంటారు. నిజమే. వెలుగుతున్న లెన్సులోకి చూడరాదు, బల్బు కాలుతుంది. పక్కన ఒక సారు కూర్చుంటే చాలదా? శనివారం రాత్రి భోజనాలయ్యాక ఒక గంట మాకివ్వండి.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు ఒక మనవి. మీ ఆఫీసుల్లో పనికిరాదని పక్కన పడేసిన ప్రొజెక్టర్ ఉంటే, అడిగి, ఈసారి శింగనమల వచ్చేటప్పుడు తీసుకురండి. వెలగకపోయినా ఫరవాలేదు, విప్పి చూసుకుంటాం. స్క్రూడ్రైవర్లు మా దగ్గరున్నాయి.